సముద్రం కింద కరెంటు లైన్లు: సంతకాలు సరే, ఒడ్డు దగ్గర మట్టిని ఎవరు చూశారు?

2025 ఏప్రిల్ 5న కొలంబోలో భారత్, శ్రీలంక మధ్య కొన్ని ఒప్పందాలు కుదిరాయి. అందులో ఒకటి కరెంటుది. రెండు దేశాల గ్రిడ్లను హెచ్.వి.డి.సి లైన్‌తో కలిపి, అవసరాన్ని బట్టి అటూ ఇటూ కరెంటు అమ్ముకోవాలన్నది దాని సారాంశం. అంతకు ముందే, 2023 అక్టోబర్‌లో రియాద్‌లో సౌదీ అరేబియాతో, 2024 ఫిబ్రవరిలో అబుదాబిలో యూఏఈతో కూడా విద్యుత్ అనుసంధానంపై అవగాహన ఒప్పందాలు జరిగాయి. ఇవి కాక గుజరాత్, తమిళనాడు తీరాల్లో సముద్రం మీద గాలిమరలు పెట్టేందుకు 2024 జూన్‌లో కేంద్ర కేబినెట్ రూ. 7,453 కోట్ల పథకాన్ని ఓకే చేసింది. ఆ గాలిమరల కరెంటు కూడా ఒడ్డుకు రావాలంటే సముద్రం అడుగున కేబుల్ వేయాల్సిందే.

వార్తల్లో ఎప్పుడూ వినపడేవి పెద్ద పెద్ద లెక్కలే. ఎన్ని వేల మెగావాట్లు, ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని వేల కోట్లు. గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్లు కూడా "ఎడారి ఎండతో తయారైన కరెంటు గుజరాత్ దాకా వస్తుందట" అని వాట్సాప్‌లో పంచుకుంటున్నారు. అయితే ఇలాంటి ప్రాజెక్టు నిలబడుతుందా, కూలబడుతుందా అన్నది నడిసముద్రంలో తేలడం తక్కువ. అది తేలేది ఒడ్డుకు ముందున్న చివరి నాలుగైదు కిలోమీటర్లలో. కేబుల్ ఏ బీచ్ దగ్గర నేల ఎక్కుతుంది, అక్కడ ఇసుక కింద ఏముంది, ఆ నేలను ఏ నెలలో పరిశీలించారు, అక్కడ వల వేసే మనిషిని ఏమైనా అడిగారా అన్నవి అసలు ప్రశ్నలు. వాటి గురించి ప్రకటనల్లో ఒక్క లైను కూడా కనపడదు.

లోతులో కాదు, ఒడ్డు దగ్గరే ఇబ్బంది

సముద్రం కింద కరెంటు పంపడం కొత్త విద్య ఏమీ కాదు. స్వీడన్ 1954లోనే తన ప్రధాన భూభాగం నుంచి గోట్‌లాండ్ దీవికి 98 కిలోమీటర్ల కేబుల్ వేసింది. దాని సామర్థ్యం 20 మెగావాట్లు. 2023 డిసెంబర్‌లో మొదలైన బ్రిటన్-డెన్మార్క్ 'వైకింగ్ లింక్' పొడవు సుమారు 765 కిలోమీటర్లు, సామర్థ్యం 1,400 మెగావాట్లు. గల్ఫ్ దేశాల ఉమ్మడి గ్రిడ్ తొలి దశ 2009లో పూర్తయినప్పుడు బహ్రెయిన్‌ను సౌదీతో కలిపింది కూడా సముద్రగర్భ కేబులే. అంటే కేబుల్ తయారీ, దాన్ని మోసుకెళ్లే ఓడ, కరెంటును మార్చే స్టేషన్... ఇవన్నీ ప్రపంచానికి బాగా అలవాటైన పనులు.

లోతైన సముద్రంలో కేబుల్‌ను తాకేవాళ్లు తక్కువ. అక్కడ చాలా లంగర్లు అడుగుకు అందవు. వలలు అంత లోతుకు దిగవు. కెరటాల ప్రభావం అడుగు దాకా పోదు. ఒడ్డు దగ్గరికి వచ్చేసరికి కథ మారిపోతుంది. నీళ్లు పది మీటర్లే ఉంటాయి. పడవలు, ట్రాలర్లు, రేవుకు వచ్చే ఓడలు అన్నీ అక్కడే తిరుగుతాయి. కెరటం విరిగేది అక్కడే, ఇసుక కదిలేదీ అక్కడే. ప్రపంచంలో ఏటా 150 నుంచి 200 వరకు సముద్రగర్భ టెలికాం కేబుళ్లు దెబ్బతింటుంటే, అందులో 70 నుంచి 80 శాతం వరకు చేపల వేట, లంగర్ల వల్లనే అని ఆ రంగంలోని అంతర్జాతీయ సంస్థ ఐసీపీసీ చెబుతోంది. అవి డేటా కేబుళ్ల లెక్కలే, కానీ కరెంటు కేబుల్‌కు ఎదురయ్యే శత్రువులూ వీళ్లే.

పైగా నేల మీద లైన్ తెగితే లైన్‌మన్ సాయంత్రానికి వచ్చి అతికిస్తాడు. సముద్రంలో అలా కుదరదు. ఆస్ట్రేలియాలో టాస్మానియాకు కరెంటు ఇచ్చే 'బాస్‌లింక్' కేబుల్ 2015 డిసెంబర్ 20న పాడైతే మళ్లీ పనిలోకి వచ్చింది 2016 జూన్‌లో. ఆ ఆరు నెలలు టాస్మానియా డీజిల్ జనరేటర్లు తెచ్చుకుని గడపాల్సి వచ్చింది. 2024 డిసెంబర్ 25న ఫిన్లాండ్-ఎస్టోనియా మధ్య 'ఎస్ట్‌లింక్ 2' తెగింది. ఒక ట్యాంకర్ ఓడ ఈడ్చుకుపోయిన లంగరే కారణమని ఫిన్లాండ్ అధికారులు ఆ ఓడనే పట్టుకున్నారు. ఆ కేబుల్ కూడా తిరిగి పనిచేసింది 2025 జూన్‌లోనే. రిపేరు ఓడ దొరకాలి, స్పేర్ కేబుల్ ఉండాలి, వాతావరణం అనుకూలించాలి. ఈ మూడూ ఒక్కసారి కుదిరే దాకా కరెంటు ఉండదు.

ఒక చిన్న దీవి కట్టిన మూల్యం

ఒడ్డు దగ్గర నేలను తేలికగా తీసుకుంటే ఏమవుతుందో చెప్పడానికి అమెరికాలోని బ్లాక్ ఐలాండ్‌ను మించిన ఉదాహరణ లేదు. రోడ్ ఐలాండ్ రాష్ట్రానికి చెందిన ఈ దీవిలో ఏడాది పొడవునా ఉండేది వెయ్యి మంది చిల్లర. దశాబ్దాల పాటు వాళ్లు డీజిల్ జనరేటర్ల మీదే బతికారు. 2016 డిసెంబర్‌లో అక్కడే అమెరికా తొలి సముద్ర గాలిమరల కేంద్రం మొదలైంది. ఐదు గాలిమరలు, 30 మెగావాట్లు. ఒక కేబుల్ గాలిమరల నుంచి దీవికి, ఇంకొకటి దీవి నుంచి ప్రధాన భూభాగానికి. 2017 మే నెలలో డీజిల్ జనరేటర్లు ఆపేశారు. ఊరంతా పండగ చేసుకుంది.

దీవిలో క్రెసెంట్ బీచ్ దగ్గర కేబుల్‌ను ఒడ్డుకు తేవడానికి రెండు దారులున్నాయి. ఒకటి, నీటిని పిచికారీ చేస్తూ ఇసుకను దున్నుకుంటూ పోయే జెట్ ప్లో అనే యంత్రంతో నాలుగైదు అడుగుల లోతున పాతిపెట్టడం. రెండోది, ఒడ్డు మీద నుంచి బీచ్ కింద బాగా లోతుగా అడ్డంగా సొరంగం తొలిచి, అందులోంచి కేబుల్‌ను లాగడం. దీన్నే హెచ్.డి.డి అంటారు. హైదరాబాద్‌లో రోడ్డు తవ్వకుండా ఒక పక్క నుంచి ఇంకో పక్కకు ఫైబర్ కేబుల్ దించే మెషీన్లు చూసే ఉంటారు కదా, దాని పెద్దన్న అనుకోవచ్చు. మొదటి దారి చవక, రెండోది ఖరీదు. అక్కడ మొదటి దారే ఎంచుకున్నారు.

ఆ బీచ్ అడుగున రాళ్లు, గులకరాళ్లు ఉన్నాయి. యంత్రం అనుకున్న లోతుకు అన్ని చోట్లా దిగలేదు. దానికి తోడు కెరటాలు పైనున్న ఇసుకను కోసుకుంటూ పోయాయి. కొన్నేళ్లకే కేబుల్ బయటపడింది. జనం ఈత కొట్టే బీచ్‌లో హై వోల్టేజ్ కేబుల్ ఉన్న చోట హద్దు గుర్తులు పెట్టాల్సి వచ్చింది. చివరకు 2020-21లో రెండు కేబుళ్లకూ ఒడ్డు దగ్గర భాగాన్ని హెచ్.డి.డి పద్ధతిలో మళ్లీ వేశారు. అంటే మొదట వద్దనుకున్న ఖరీదైన పద్ధతే, ఇంకా ఎక్కువ ఖర్చుతో. రెండింటిలో ఒక్క కేబుల్‌కే సుమారు 3 కోట్ల డాలర్లు అయింది. అప్పటి రేటు ప్రకారం మన రూపాయల్లో 200 కోట్ల పైమాటే. విద్యుత్ సంస్థ ఆ ఖర్చును తన జేబులోంచి పెట్టుకోలేదు, వినియోగదారుల చార్జీల్లో కలిపింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. కేబుల్‌లో లోపం లేదు, గాలిమరల్లో లోపం లేదు. మొత్తం ప్రాజెక్టులో కొన్ని వందల మీటర్ల ఇసుక దగ్గర తీసుకున్న ఒక్క నిర్ణయం తప్పింది. ఆ మూల్యం బిల్లు కట్టేవాళ్ల నెత్తిన పడింది.

సర్వే అంటే ఓడ ఒక చుట్టు తిరిగి రావడం కాదు

ఒడ్డు దగ్గర నేలను తెలుసుకోవడం ఒక్క రోజు పని కాదు. మొదట కాగితాల పని ఉంటుంది. పాత నక్షాలు, ఉపగ్రహ చిత్రాలు, ఓడలు తిరిగే దారులు, మునిగిపోయిన పడవల రికార్డులు, ఇంతకు ముందే ఉన్న పైపులైన్లు, డేటా కేబుళ్లు, రక్షిత ప్రాంతాలు, చేపల వేట జరిగే చోట్లు అన్నీ ఒక్క నక్షా మీదకు తెస్తారు. ఒడ్డుకు చేరడానికి మూడు నాలుగు చోట్లను ఎంచుకుని, ఒక్కోదాని మంచీ చెడూ రాసుకుంటారు.

తర్వాత సముద్రం మీద పని. మల్టీబీమ్ ఎకో సౌండర్ అనే పరికరం శబ్ద తరంగాలతో అడుగు ఎత్తుపల్లాలను కొలుస్తుంది. సైడ్ స్కాన్ సోనార్ అడుగును ఫొటోలాగా చూపిస్తుంది. రాయి ఎక్కడుంది, పాత వల ఎక్కడ చిక్కుకుంది అన్నది అందులో తెలుస్తుంది. సబ్ బాటమ్ ప్రొఫైలర్ అడుగు కింద పొరలను చూస్తుంది. మాగ్నెటోమీటర్ మట్టిలో పూడిపోయిన ఇనుమును పసిగడుతుంది. ఇవన్నీ మట్టిని ముట్టుకోకుండా చేసే పనులే. వాటిని నమ్మాలంటే అసలు మట్టిని కూడా బయటికి తీయాలి. అందుకే వైబ్రోకోర్‌తో గొట్టం దింపి మట్టి నమూనా తీస్తారు. కోన్ పెనెట్రేషన్ టెస్టులో సూదిలాంటి కడ్డీని దింపి, నేల ఎంత గట్టిగా ఉందో చూస్తారు. హెచ్.డి.డి చేయాలనుకుంటే బీచ్ మీద, దాని ముందు నీళ్లలో బోర్లు వేసి రాయి ఎంత లోతులో ఉందో తేల్చుకోవాలి. లేకపోతే మధ్యలో డ్రిల్ ఇరుక్కుపోతుంది, లేదా డ్రిల్లింగ్‌లో వాడే బెంటొనైట్ బురద బీటల్లోంచి పైకి తన్ని సముద్రంలో కలుస్తుంది.

ఇక్కడే ఒక చిక్కుంది. పెద్ద సర్వే ఓడ తక్కువ నీళ్లలోకి రాలేదు, నేల తగులుతుంది. నేల మీద కొలిచే సర్వేయర్ నడుం లోతు నీళ్లు దాటి పోలేడు. ఈ ఇద్దరి మధ్య ఒక పట్టీ ఖాళీగా మిగిలిపోతుంది. కెరటాలు విరిగేది సరిగ్గా ఆ పట్టీలోనే. దాన్ని కొలవాలంటే అడుగు లోతు తక్కువగా ఉండే చిన్న బోట్లు కావాలి. నీళ్లు తేటగా ఉన్న చోట విమానం నుంచి లేజర్‌తో కొలవొచ్చు. బోర్ల కోసం కాళ్లు దింపుకుని నిలబడే జాకప్ బార్జ్ తేవాలి. ఇది నెమ్మదైన, ఖర్చయ్యే పని. అందుకే బడ్జెట్‌లో కోత పడేది కూడా ముందు దీని మీదే. రెండు వైపుల కొలతలను గీత గీసి కలిపేస్తారు. ఆ గీత కింద ఏముందో తెలిసేది కేబుల్ వేసే రోజునే.

ఇంకో సంగతి కాలానిది. బీచ్ అన్నది స్థిరమైన వస్తువు కాదు. తూర్పు తీరంలో నైరుతి రుతుపవనాల కాలంలో ఇసుక ఉత్తరం వైపు, ఈశాన్య రుతుపవనాల కాలంలో దక్షిణం వైపు కదులుతుంది. సముద్రం ప్రశాంతంగా ఉండే ఫిబ్రవరిలో ఒకసారి కొలిచి, ఇదే బీచ్ అనుకుంటే సగం నిజమే తెలిసినట్టు. కాకినాడ దగ్గర ఉప్పాడ సంగతి తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. దశాబ్దాలుగా సముద్రం ఆ ఊరి ఇళ్లను, రోడ్డును మింగుతూనే ఉంది. అడ్డంగా పెట్టిన జియోట్యూబ్ గోడ కూడా దెబ్బతింది. అలాంటి చోట ఈ రోజు ఒడ్డు ఉన్న దగ్గర కేబుల్ గుంత కడితే ఇరవై ఏళ్లకు అది నీళ్లలో ఉంటుంది. కేబుల్ ఆయుష్షు నలభై ఏళ్లని లెక్క వేసినప్పుడు, తీరం కూడా నలభై ఏళ్లకు ఎక్కడుంటుందో లెక్క వేయాలి.

మే నెలలో రజాయి

మట్టి గురించి మాట్లాడేటప్పుడు సాధారణంగా గట్టిదా, మెత్తనిదా అనే చూస్తాం. కరెంటు కేబుల్‌కు ఇంకో ప్రశ్న కూడా ఉంది. ఆ మట్టి వేడిని పోనిస్తుందా లేదా?

కరెంటు ప్రవహిస్తుంటే కేబుల్ వేడెక్కుతుంది. ఇప్పుడు ఎక్కువగా వాడే ఎక్స్.ఎల్.పి.ఇ రకం ఏసీ కేబుళ్లలో లోపలి కండక్టర్ మామూలుగా 90 డిగ్రీలు దాటకూడదు. సముద్రం అడుగున తడి ఇసుకలో ఉన్నంతసేపు వేడి చుట్టుపక్కలకు పోతూ ఉంటుంది. ఒడ్డు దగ్గర లోతైన సొరంగంలో, గొట్టంలో, పొడి మట్టి కిందికి వచ్చేసరికి పోవడానికి దారి ఉండదు. మే నెలలో రజాయి కప్పుకున్నట్టే. ఆ కొన్ని వందల మీటర్లలో కేబుల్ ఎంత కరెంటు మోయగలదో, వందల కిలోమీటర్ల లైన్ మొత్తం అంతే మోయగలదు. గొలుసు బలం దాని బలహీనమైన లంకె దగ్గరే తెలుస్తుంది కదా.

అందుకే నమూనా మట్టిని ల్యాబుకు పంపి దాని ఉష్ణ నిరోధాన్ని కొలుస్తారు. ముందే తెలిస్తే ఆ భాగంలో లావు కండక్టర్ ఉన్న కేబుల్ ఆర్డర్ ఇవ్వొచ్చు, రెండు కేబుళ్ల మధ్య దూరం పెంచొచ్చు, గొట్టం చుట్టూ వేడిని పోనిచ్చే మిశ్రమం నింపొచ్చు. తర్వాత తెలిస్తే చేయగలిగింది ఒక్కటే, లోడ్ తగ్గించుకోవడం. వెయ్యి మెగావాట్లకు డబ్బు కట్టి ఎనిమిది వందలు వాడుకున్నట్టు అవుతుంది.

ఎంత లోతున పాతాలన్నది కూడా ఇలా రెండు వైపుల నుంచి లాగే లెక్కే. లోతు ఎక్కువైతే లంగరు నుంచి రక్షణ, కానీ వేడి పెరుగుతుంది, ఖర్చు పెరుగుతుంది. లోతు తక్కువైతే దీనికి తలకిందులు. మెత్తని బురదలో లంగరు కొన్ని మీటర్లు దిగిపోతుంది, గట్టి ఇసుకలో అంత దిగదు. అంటే అంతటా ఒకటే లోతు అని టెండర్‌లో రాసేస్తే, ఒక చోట అనవసరంగా ఖర్చు పెట్టినట్టు, ఇంకో చోట కేబుల్‌ను గాలికి వదిలేసినట్టు. బ్రిటన్‌లో కార్బన్ ట్రస్ట్ సంస్థ 2015లో దీనికోసం ఒక పద్ధతి తయారుచేసింది. ఆ దారిలో ఏ సైజు ఓడలు తిరుగుతాయి, వాటి లంగరు ఆ మట్టిలో ఎంత దిగుతుంది, అలా జరిగే అవకాశం ఎంత అన్నది లెక్కగట్టి, చోటును బట్టి లోతు నిర్ణయించడం దాని సారం. మట్టి వివరాలు లేకుండా ఈ లెక్క మొదలే కాదు.

పాక్ జలసంధి: నీళ్లు తక్కువ, గొడవలు ఎక్కువ

ఇప్పుడు శ్రీలంక లైన్ దగ్గరికి వద్దాం. తమిళనాడుకూ మన్నార్‌కూ మధ్య సముద్రం వెడల్పు తక్కువ. నక్షా మీద చూస్తే ఇంత సులువైన దారి ఇంకోటి ఉండదనిపిస్తుంది. అయితే పాక్ బే చాలా చోట్ల 15 మీటర్ల లోతు కూడా ఉండదు. అంటే ఒడ్డు దగ్గర ఉండే ఇబ్బందులన్నీ ఇక్కడ ఒడ్డు నుంచి ఒడ్డు దాకా ఉంటాయి. నడిసముద్రంలో దొరికే నిశ్చింత ఇక్కడ దొరకదు.

పైగా రెండు దేశాల మధ్య ఏళ్లుగా నలుగుతున్న గొడవ కూడా సరిగ్గా సముద్రం అడుగుకు సంబంధించినదే. రామేశ్వరం వైపు నుంచి వెళ్లే ట్రాలర్లు బరువైన వలలతో అడుగును గీరుకుంటూ పోతాయని శ్రీలంక ఉత్తర ప్రాంత జాలర్లు మొత్తుకుంటున్నారు. ఆ జాలర్లలో కూడా ఎక్కువ మంది తమిళులే. శ్రీలంక 2017లో అడుగు ట్రాలింగ్‌ను చట్టంతో నిషేధించింది. అయినా బోట్లు పట్టుకోవడం, మత్స్యకారుల అరెస్టులు ఆగలేదు. అలాంటి నీళ్ల కింద కేబుల్ వేస్తే వల దాన్ని తాకకుండా ఉండాలంటే తగినంత లోతు కావాలి. పగడపు దిబ్బ, సున్నపురాయి ఉన్న చోట ఆ లోతు దొరుకుతుందో లేదో చెప్పేది సర్వేనే.

పర్యావరణం సంగతి సరేసరి. దక్షిణాన మన్నార్ సింధుశాఖలో 21 దీవులతో సముద్ర జాతీయ ఉద్యానవనం ఉంది. ఉత్తరాన పాక్ బేలో 448 చదరపు కిలోమీటర్లను తమిళనాడు ప్రభుత్వం 2022లో దేశంలోనే మొదటి డుగాంగ్ సంరక్షణ కేంద్రంగా ప్రకటించింది. సముద్రపు ఆవు అని పిలిచే ఈ జీవి తినేది సముద్రపు గడ్డి. కందకం తవ్వితే ముందు పోయేది ఆ గడ్డే. శ్రీలంక వైపు కూడా జనం ఊరుకోరు. మన్నార్, పూనేరిన్‌లలో గాలిమరల ప్రాజెక్టు నుంచి 2025 ఫిబ్రవరిలో అదానీ గ్రీన్ తప్పుకుంది. రేటు గొడవతో పాటు పక్షుల గురించి, స్థానికుల జీవనం గురించి వచ్చిన అభ్యంతరాలు, కోర్టు కేసులు దాని వెనక ఉన్నాయి. స్థానికులతో చివరలో మాట్లాడితే ఏమవుతుందో చెప్పడానికి ఆ ఒక్క అనుభవం చాలు.

మన దేశంలో సముద్రం కింద కరెంటు వేసిన అనుభవం అసలే లేదని కాదు. ముంబై దగ్గర ఎలిఫెంటా గుహలున్న ఘారాపురి దీవికి 2018 ఫిబ్రవరిలో కరెంటు వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చిన 70 ఏళ్ల తర్వాత, దాదాపు రూ. 25 కోట్ల ఖర్చుతో, 7.5 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ ద్వారా. అంతవరకు ఆ మూడు ఊళ్లవాళ్లు సాయంత్రం కొన్ని గంటలు నడిచే జనరేటర్ మీదే ఆధారపడ్డారు. ఒక కేబుల్ మనుషుల జీవితాన్ని ఎంతగా మార్చగలదో చెప్పే సంఘటన అది. అందుకే ఇలాంటి లైన్లు వద్దనడం ఇక్కడ ఉద్దేశం కాదు. వేసేది సరిగ్గా వేయాలన్నదే.

పట్టా లేనివాడి నష్టం ఏ ఖాతాలో?

నేల మీద హై టెన్షన్ టవర్ పడితే రైతుకు ఎంత ఇవ్వాలన్నదానికి ఒక లెక్క ఉంది. 2024 జూన్‌లో కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాలు మార్చి, టవర్ కాళ్లు ఆక్రమించే భూమికి దాని విలువలో 200 శాతం పరిహారం ఇవ్వాలని చెప్పింది. రైతు దగ్గర పట్టా ఉంటుంది, సర్వే నంబర్ ఉంటుంది, అడిగే హక్కు ఉంటుంది.

సముద్రంలో వల వేసేవాడికి పట్టా లేదు. తాత ముత్తాతల నుంచి ఒకే చోట అలివి వల లాగుతున్నా అది అతని పేరు మీద ఏ దస్తావేజులోనూ ఉండదు. సర్వే ఓడ తిరిగినన్ని రోజులు "ఇటు రావద్దు" అంటారు. కేబుల్ వేసే నెలల్లో వేట బంద్. తర్వాత కేబుల్ దారిలో లంగరు వేయొద్దంటారు. ఈ నష్టాలన్నీ నిజమైనవే. కానీ ప్రాజెక్టు జమాఖర్చుల్లో వాటికి హెడ్ ఉండదు. హెడ్ లేని ఖర్చు కాగితం మీద సున్నా, ఆ మనిషి ఇంట్లో మాత్రం సున్నా కాదు.

విచిత్రం ఏంటంటే, సర్వేకు అందరికంటే ఎక్కువ పనికొచ్చేది ఆ మనిషే. వల ఎక్కడ చిరుగుతుందో అతనికి తెలుసు, అంటే రాయి ఎక్కడుందో తెలుసు. ఏ తుఫానుకు ఏ ఇసుక తిన్నె పోయిందో, ఏ నెలలో నీళ్లు మురికిగా మారతాయో తెలుసు. ఉత్తర సముద్రంలో ప్రాజెక్టులు వేసే సంస్థలు మత్స్యకారులతో మాట్లాడటానికే ప్రత్యేక అధికారులను పెట్టుకుంటాయి. అది దయ కాదు, లెక్క. ముందే మాట్లాడితే దారి మార్చుకోవచ్చు, చివర్లో మాట్లాడితే పరిహారం, కోర్టు, ఆలస్యం, వడ్డీ.

తెలియని దానికీ ఒక ధర ఉంటుంది

డబ్బు కోణంలో చూస్తే విషయం ఇంకా తేటగా కనపడుతుంది. అర్థం కావడానికి ఒక ఊహా లెక్క వేసుకుందాం. ఒక కేబుల్ ప్రాజెక్టు రూ. 1,000 కోట్లు అనుకుందాం. ఒడ్డు దగ్గర పూర్తి సర్వేకు రూ. 20 కోట్లు అవుతుందంటే, పైవాళ్లు సగం కోసి 10 కోట్లు మిగిల్చారనుకుందాం. ఆ పది కోట్ల పొదుపు ఆ ఏడాది నివేదికలో అందంగా కనపడుతుంది. టెండర్ వేసే కాంట్రాక్టర్‌కు మాత్రం ఇసుక కింద ఏముందో తెలియదు. తెలియని దానికి అతను ధర వేసుకుంటాడు. రాయి తగిలితే అన్న భయానికి ఐదు శాతం కలిపినా అది రూ. 50 కోట్లు. ఒకవేళ కలపకుండా తక్కువకు వేస్తే, రాయి తగిలిన రోజున 'ముందు చెప్పలేదు' అని క్లెయిమ్ పెడతాడు. ఎలా చూసినా పది కోట్ల పొదుపు మిగలదు.

నెదర్లాండ్స్ దీన్ని ముందే గ్రహించింది. అక్కడ సముద్ర గాలిమరల కోసం నేల, గాలి, అలల పరిశీలన ప్రభుత్వమే చేయించి, ఆ వివరాలను వేలానికి ముందే అందరికీ ఇచ్చేస్తుంది. ఒడ్డుకు కేబుల్ తెచ్చే పని గ్రిడ్ సంస్థ టెన్నెట్ చూసుకుంటుంది. దీంతో బిడ్డర్ల అనిశ్చితి తగ్గింది. 2018లో అక్కడ ఒక పెద్ద ప్రాజెక్టుకు సబ్సిడీ లేకుండానే బిడ్డర్ దొరకడానికి ఇది కూడా ఒక కారణం. మన దగ్గర గుజరాత్ తీరంలో గాలి కొలతలను చెన్నైలోని జాతీయ పవన విద్యుత్ సంస్థ 2017 నుంచే మొదలుపెట్టింది. గాలి ఎంత వీస్తుందో చూసినంత శ్రద్ధగా, కేబుల్ ఒడ్డెక్కే చోట మట్టిని కూడా చూసి, ఆ వివరాలు టెండర్‌కు ముందే బయట పెట్టాలి.

ఎందుకంటే మన దగ్గర ట్రాన్స్‌మిషన్ ఖర్చు చివరకు టారిఫ్‌లోనే తేలుతుంది. అప్పు మీద వడ్డీ, పెట్టుబడి మీద రాబడి, నిర్వహణ ఖర్చు అన్నీ కలిపి డిస్కంలకు, అక్కడి నుంచి ఇంటి మీటర్‌కు. సముద్రం ఎక్కడో ఉందని కరీంనగర్‌లోనో, కర్నూలులోనో కూర్చున్నవాళ్లు అనుకోవడానికి లేదు. జాతీయ గ్రిడ్ ఖర్చులో అందరికీ వాటా ఉంటుంది.

డేటా కేబుళ్లకూ ఇదే మట్టి

తెలుగు తీరానికి ఇది దూరపు సంగతి కూడా కాదు. 2025 అక్టోబర్‌లో గూగుల్ విశాఖపట్నంలో 1,500 కోట్ల డాలర్ల ఏఐ కేంద్రాన్ని ప్రకటించినప్పుడు, అంతర్జాతీయ సముద్రగర్భ కేబుళ్లు విశాఖలో ఒడ్డెక్కుతాయని కూడా చెప్పింది. అవి కరెంటు మోసేవి కావు, ఇంటర్నెట్ మోసేవి. కానీ ఒడ్డు దగ్గర వాటికీ అదే ఇసుక, అవే కెరటాలు, అవే మరబోట్లు. 2025 సెప్టెంబర్‌లో జెద్దా దగ్గర ఎర్ర సముద్రంలో కేబుళ్లు తెగినప్పుడు భారత్, పాకిస్తాన్, యూఏఈలలో ఇంటర్నెట్ నెమ్మదించింది. గల్ఫ్ నుంచి ఇంటికి వీడియో కాల్ చేసేవాళ్లు ఆ సంగతి స్వయంగా చూశారు. డేటాకు ఇంకో దారి దొరుకుతుంది, వేరే కేబుల్ మీదుగా తిరిగి వస్తుంది. కరెంటుకు చాలాసార్లు రెండో దారి ఉండదు.

ఒప్పందాల మీద సంతకాలు జరిగాయి, ఇంకా జరుగుతాయి. వాటిని స్వాగతిస్తూనే ప్రజలు, ప్రజాప్రతినిధులు, రెగ్యులేటర్లు కొన్ని ప్రశ్నలు అడగొచ్చు. కేబుల్ ఒడ్డెక్కడానికి ఎన్ని చోట్లను పోల్చి చూశారు? అక్కడ కనీసం రెండు రుతువుల్లో కొలతలు తీశారా? బీచ్ ముందున్న ఆ ఖాళీ పట్టీలో బోర్లు వేశారా? మట్టి వివరాలు టెండర్‌కు ముందు బయట పెడతారా? మత్స్యకారుల నష్టానికి బడ్జెట్‌లో హెడ్ ఉందా? కేబుల్ వేశాక ప్రతి ఏడాదీ అది ఇంకా పూడి ఉందో లేదో చూసేది ఎవరు?

ఈ ప్రశ్నలకు జవాబులు ఇప్పుడు రాబట్టడానికి కొన్ని కోట్లు చాలు. బ్లాక్ ఐలాండ్‌లో ఆ జవాబులు కేబుల్ వేశాక దొరికాయి. బిల్లు మాత్రం ఆ ప్రశ్నలు అడిగే అవకాశమే లేనివాళ్లకు వెళ్లింది.